జెమ్మి వెళ్లని చోటు

రాజోలు,
జూన్ 28

కృపక్కా,

ఇక్కడ అందరం బాగున్నామని మొదలుపెట్టడం నాకు చేతకాదు, నీకు తెలుసు. వానలు పడుతున్నాయి, కాలవలకి నీళ్లు వదిలారు, నాకు ఉద్యోగం వచ్చింది. ఈ మూడూ నిజం కాబట్టి ముందు రాస్తున్నాను.

ఫోనులో చెప్పడం కుదరలేదు. శుక్రవారం నువ్వు మాట్లాడేటప్పుడు అటు మీ మేడం ఎదురుగా కూర్చుంటుంది. ఇటు మీ అత్తారింట్లో మీ పెద్దబావగారు స్పీకరు నొక్కి ఫోను మంచం మీద పెడతారు. పేటలో సగం మంది వింటూ ఉంటే అక్కాచెల్లెళ్లు ఏం మాట్లాడుకుంటారు? అందుకే ఈ ఉత్తరం. మీ పక్కింటి డ్రైవరు గంగబాబు గది అడ్రసుకి పంపమన్నావు కదా, అలాగే పంపుతున్నాను.

ఉద్యోగం ఇక్కడే, బస్టాండు దగ్గర ఎరువుల కొట్టు పైన రెండు గదులు. ‘చేయూత కేంద్రం’ అని బోర్డు. చదువు మానేసినవాళ్లు, ఇంట్లోంచి వెళ్లిపోయి తిరిగొచ్చినవాళ్లు, పోలీసులు పట్టుకుని వదిలేసినవాళ్లు, గంజాయి అలవాటైనవాళ్లు, అందరూ ఇరవై లోపు పిల్లలే. నన్ను సపోర్ట్ వర్కర్ అంటారు. నేను పాఠాలు చెప్పను, నీతులు అసలే చెప్పను. స్టేషన్‌కి పిలిస్తే వాళ్ల పక్కన బెంచీ మీద కూర్చుంటాను. మళ్లీ చేర్చుకోమని ప్రిన్సిపాల్ గది ముందు నిలబడతాను. వాళ్లు మాట్లాడితే వింటాను, మాట్లాడకపోతే క్యారమ్స్ ఆడతాను. నిన్న దీపక్ అనేవాడు నన్ను చిత్తుగా ఓడించి, ఆ సంతోషంలో వాళ్ల నాన్న పెట్టే హింస గురించి మొదటిసారి నోరు విప్పాడు. ఓడిపోవడం కూడా నా పనిలో భాగమే అని అప్పుడు తెలిసింది.

మీ పెద్దబావగారు వినగానే, “రౌడీ పిల్లలకి ఆయా ఉద్యోగమా? సంఘంలో మా పరువేం కావాలమ్మా?” అన్నారు. “ఆయాలు లేకపోతే పిల్లలు పెరగరండీ” అన్నాను. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. హాయిగా ఉంది.

ఒక్క సంగతి మాత్రం మనసులో గుచ్చుకుంటోంది. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది అమ్మలు గల్ఫులో ఉన్నారు.

జెమ్మిని చూస్తూనే ఉన్నాను. పొడుగైంది.

నీ చెల్లి
ఎస్తేరు


కువైట్,
జులై 20

ఎస్తేరూ,

ఉత్తరం అందింది. చెత్త సంచులు పారెయ్యడానికి వీధిలోకి వెళ్లినప్పుడు గంగబాబు నా చేతిలో పెట్టాడు. ఇస్త్రీ గదిలో తలుపు దగ్గరగా వేసుకుని చదివాను.

“సగం మంది అమ్మలు గల్ఫులో ఉన్నారు.” ఆ మాట ఎవరి కోసం రాశావు? నేను ఇక్కడికి షికారుకి రాలేదు. మీ బావ పోయిన ఏడాది తిరక్కుండానే, ఎనిమిదేళ్ల పిల్లని మా అత్తగారి ఒళ్లో కూర్చోబెట్టి విమానం ఎక్కాను. అది నా చీర కొంగు వదలకపోతే, కొంగు చింపి దాని చేతిలోనే వదిలేసి వచ్చాను. నువ్వు చదివిన డిగ్రీ కూడా ఈ ఇస్త్రీ పెట్టెలోంచే వచ్చింది. ఆ డిగ్రీతో ఇప్పుడు నాకే లెక్కలు చెబుతున్నావు.

ఇక్కడ వీళ్ల నోటికి ‘ప’ పలకదు. ఇన్నేళ్లుగా నేను ‘కృబా’ని. మొదట్లో సరిదిద్దేదాన్ని. తర్వాత మానేశాను. ఈమధ్య కలలో ఎవరో కృపా అని పిలిస్తే, వేరే ఎవరినో అనుకున్నాను.

పోనీ, ఇదంతా వదిలెయ్యి. అంత పొడుగు ఉత్తరంలో నా కూతురి గురించి ఒక్క మాట రాశావు. పొడుగైంది! కొబ్బరి మొక్క గురించి రాసినట్టు. ఫోనులో దాన్ని ఏమడిగినా “ఆయ్” అంటుంది. తిన్నావా అంటే ఆయ్. కాలేజీకి వెళ్తున్నావా అంటే ఆయ్. ఏడుస్తున్నావేంటే అంటే దానికీ ఆయ్ అనేసి, వెంటనే కాదు కాదంది. నేను దూరంగా ఉన్నాను గాని చెవిటిదాన్ని కాదు.

నువ్వు ఏదో దాస్తున్నావు. ఏమిటది?

కృప


రాజోలు,
ఆగస్టు 14

అక్కా,

దాస్తున్నానా అంటే, దాస్తున్నాను. ఎందుకు దాచానో ముందు చెప్తాను, తర్వాత తిట్టు.

నేను ఉద్యోగంలో చేరిన కొద్ది రోజులకే జెమ్మి మెట్లెక్కి కేంద్రానికి వచ్చింది. ఇంటికి కాదు, కేంద్రానికి. మిగతా పిల్లలతో పాటు వరసలో కూర్చుని, వంతు వచ్చాక నా ఎదురు కుర్చీలోకి వచ్చింది. “ఇక్కడ చెప్పింది ఎవరికీ చెప్పరంట కదా?” అంది. ప్రాణం మీదికి వస్తే తప్ప, చెప్పినవాళ్లు ఒప్పుకోకుండా బయటికి పోదు అన్నాను. “అమ్మలకి కూడానా?” అంది. అమ్మలకి కూడా అన్నాను. “అయితే పిన్నిలా కాకుండా ఇక్కడి మనిషిలా విను” అంది.

అక్కా, మా దగ్గరికి వచ్చే పిల్లలకి ఇల్లు, బడి, సంఘం అన్నీ ఒకసారి మాట తప్పినవే. నేనూ తప్పితే వాళ్లు వెళ్లడానికి ఇంకో గది లేదు. నా అక్క కూతురని జెమ్మి విషయంలో మాట తప్పితే, రేపు దీపక్ నా ఎదురుగా ఎందుకు కూర్చుంటాడు? అందుకే నీకు పొడుగైందని రాసి ఊరుకున్నాను.

నీ ఉత్తరం దానికి చదివి వినిపించాను. కొబ్బరి మొక్క దగ్గర నవ్వింది. చీర కొంగు దగ్గర లేచి వెళ్లి కిటికీ దగ్గర నిలబడింది. తిరిగి వచ్చి, “రెండు సంగతులు రాయి పిన్నీ” అంది.

ఒకటి. అది కాలేజీకి వెళ్లడం లేదు. ఇంటర్ రెండో ఏడాది మొదలవ్వగానే మీ పెద్దబావగారు మాన్పించారు. అమ్మ దగ్గరికి వెళ్లేదానికి ఇంటరెందుకు అన్నారట.

రెండోది సంగతి కాదు, ప్రశ్న. పెద్దబావగారు దాని ఆధార్ కార్డులో పుట్టిన సంవత్సరం మార్పించారు. దాంతో తెప్పించిన పాస్‌పోర్టులో దానికి ఇరవై మూడేళ్లు. మీ మేడం చెల్లెలి ఇంట్లో పిల్లల్ని చూసే పనట. ముందు విజిట్ వీసా మీద పంపి, మిగతాది అక్కడ చూసుకుంటారట. మన పేటలోంచి ఆడవాళ్లని ఆయన ఎలా పంపుతున్నారో నీకు నేను చెప్పక్కర్లేదు, నిన్ను పంపిందీ ఆయనే. కాని నువ్వు పెద్దదానివి, తెలిసి వెళ్లావు. ఇది పదిహేడేళ్ల పిల్ల. అడిగితే, “మీ అమ్మే రమ్మంది, నాదేముంది” అంటున్నారట.

నువ్వు రమ్మన్నావా అక్కా?

మా అక్క ఆ మాట అననే అనదు అన్నాను జెమ్మితో. అది నా మొహంలోకి చూసి, “నీకెలా తెలుసు పిన్నీ? నాకే తెలీదు” అంది.

ఎస్తేరు


కువైట్,
సెప్టెంబరు 9

ఎస్తేరూ,

అవును. రమ్మన్నాను.

రమ్మంటే తప్పేమిటో చెప్పు. మేడం చెల్లెలి ఇల్లు ఇక్కడికి రెండు వీధులు. శుక్రవారం శుక్రవారం రెండు కుటుంబాలూ కలిసి భోంచేస్తాయి. వారానికోసారి నా కూతురు నాతో పాటు వంటింట్లో నిలబడుతుంది. దాని జడ నేను వేస్తాను. దాని ఎనిమిదో ఏడు దాటాక దానికి ఏం ఇష్టమో, ఏం తింటుందో, నిద్రలో ఏం మాట్లాడుతుందో నాకు తెలియదు. ఈ ఇంట్లో పిల్లలకి ఏ జ్వరానికి ఏ మందో నాకు తెలుసు. నా పిల్ల పెద్దమనిషైన కబురు నాకు ఫోనులో, స్పీకరులో, మేడం ఎదురుగా తెలిసింది. సంతోషించాలో ఏడవాలో తెలియక గిన్నెలు తోమాను.

అక్కడ ఉంటే ఎవడి బండి ఎక్కుతుందో, ఎవడి మాటలు నమ్ముతుందో అని నాకు భయం. నీ కేంద్రానికి వచ్చే పిల్లల కథలు నువ్వే రాస్తున్నావు కదా! నా కళ్లముందుంటే ఆ భయం ఉండదు. వయసు సంగతంటావా, ఇక్కడికి వచ్చినవాళ్లలో సగం మంది వయసులు అబద్ధాలే. బావగారికి ఆ పని అలవాటే. నీకేమో అది పెద్ద నేరం.

నా పిల్ల నా గురించి నీకు చెప్పడం, అది నాకు చెప్పాలా వద్దా అని మీరిద్దరూ కూర్చుని ఆలోచించుకోవడం. బాగుంది. కన్నది నేను, రహస్యాలు నీకు.

నువ్వు ఇందులో తలదూర్చకు. నీకు పిల్లలు లేరు. నీకు తెలియదు.

కృప


రాజోలు,
అక్టోబరు 12

అక్కా,

తలదూర్చాను. తలే కాదు, మనిషి మొత్తం దూరాను.

నీ ఉత్తరం జెమ్మికి చూపించాను. దాని ప్రశ్నకి జవాబు కాబట్టి చూపించాల్సిందే. జడ సంగతి రెండుసార్లు చదివింది. తర్వాత మడిచి ఇచ్చేస్తూ, “అమ్మ మీద జాలేస్తుంది. అయినా వెళ్లను” అంది. ఆ రెండో మాట చాలు నాకు. నేను దాని మనసు మార్చలేదక్కా. అది తేల్చుకున్నాక దాని పక్కన నిలబడ్డాను, అంతే.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మీ పెద్దబావగారు సంఘపెద్దల్ని వరండాలో కూర్చోబెట్టారు. సాలమోను తాతగారు మధ్యలో, అటూ ఇటూ మిగతావాళ్లు, స్తంభాల దగ్గర ఆడవాళ్లు. “తల్లి రమ్మంది, పిల్ల వెళ్తుంది. మధ్యలో ఈవిడెవరండీ? జీతం తీసుకుని కొంపలు కూల్చే ఉద్యోగం ఈవిడది” అన్నారు. నేను నోరు తెరిచేలోపు జెమ్మి లేచింది.

“పెదనాన్నగారూ, నా వయసెంతండీ?”

“అదేం ప్రశ్నే? కూర్చో.”

“ఇంతమంది ఉన్నారు కదండీ. మీరే చెప్పండి. ఎంతండీ?”

ఆయన సాలమోను తాతగారి వంక చూశారు. తాతగారు తన చేతికర్ర వంక చూసుకున్నారు.

“నాకు పదిహేడండి” అంది జెమ్మి. “ఆ పాస్‌పోర్టులో ఉన్న ఇరవై మూడేళ్లావిడ ఎవరో నాకు తెలీదండి. ఆవిడ దొరికితే ఆవిడని పంపుకోండి.”

మీ అత్త మరియమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వేరో ఏడ్చేరో నేను చూడలేదు. సాయంత్రం మాత్రం జెమ్మి పుస్తకాల సంచీ, బట్టలు స్వయంగా మోసుకొచ్చి నా గది గుమ్మంలో పెట్టి, “నాకు కనబడకుండా తీసుకెళ్లిపోయేవని చెప్పుకుంటాను. నువ్వూ అదే చెప్పు” అని వెళ్లిపోయారు.

మర్నాడు మా కేంద్రం పెద్ద శ్యామ్ బాబు గారు పిలిచారు. “బంధువుల కేసు మనం పట్టుకోకూడదమ్మా. రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తారు. తప్పుకో” అన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. “తప్పుకోమని కాగితం మీద రాసివ్వండి. పిల్లని ఎవరికి అప్పగిస్తున్నారో కూడా రాయండి” అన్నాను. రాయలేదు. బాలల సంక్షేమ సమితి ముందుకి మేము వెళ్లిన రోజు, ఆయన పిలవకుండానే వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. పద్దెనిమిది నిండేదాకా జెమ్మి నా దగ్గరే ఉండాలని వాళ్లు ఉత్తర్వు ఇచ్చారు. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. మీ పెద్దబావగారు మాత్రం తెలియక జరిగిన పొరపాటని, ఇంకెవర్నీ పంపననీ రాసిచ్చి బయటపడ్డారు.

నాకు పిల్లలు లేరు, నిజమే. అందుకే నీ పిల్లకి అడ్డంగా నిలబడటానికి నాకు భయపడాల్సింది ఏమీ లేదు. నువ్వు జన్మలో నాతో మాట్లాడకపోయినా సరే.

ఎస్తేరు


కువైట్,
నవంబరు 27

ఎస్తేరూ,

మాట్లాడకూడదనే అనుకున్నాను. నీ ఉత్తరం వచ్చాక గంగబాబు రెండుసార్లు “జవాబు ఏమైనా ఉందా అక్కా” అని అడిగితే లేదన్నాను. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

శుక్రవారం భోజనాలకి మేడం చెల్లెలు కొత్త పనిపిల్లని వెంటబెట్టుకుని వచ్చింది. సన్నగా ఉంది. మోకాళ్ల కిందకి దిగిపోయే యూనిఫాం. వంటింట్లోకి వచ్చి ఎక్కడ నిలబడాలో తెలియక ఫ్రిజ్ పక్కన నిలబడింది. మన మొహమే అనిపించి, “నీదే ఊరమ్మా?” అన్నాను.

తెలుగు వినగానే దాని కళ్లు వెలిగిపోయాయి. “కపిలేశ్వరపురం అవతల లంకండి. సాయిదుర్గండి నా పేరు.”

“ఎన్నేళ్లు?”

“ఇరవై నాలుగండి.” ఎవరో నేర్పిన పద్యం అప్పజెప్పినట్టు చెప్పింది.

“నాకు నిజం చెప్పవే.”

గుమ్మం వంక చూసి, “పదహారండి” అంది.

ఎవరు పంపారని అడిగాను. మా బావగారేనని అడగడానికి ముందే నాకు తెలుసు. “పాపారావు గారండి. ముందర ఎవరో ఇంకో అమ్మాయి రావాలంటండి. ఆవిడ రానని గొడవ చేసిందంటండి. అందుకని నన్ను తొందరగా ఎక్కించేసేరండి.”

ఎస్తేరూ, నా చేతిలో అన్నం గరిటె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఆ పిల్ల వాషింగ్ మెషీన్ పక్కన పడుకుంటోంది. బ్లీచింగు నీళ్లకి వేళ్ల మధ్య చర్మం ఊడిపోయింది. చెంప మీద గోటి గీత ఉంది, పెద్ద పిల్లవాడు రక్కాడంది. వాడిని తిడితే వాళ్లమ్మ దీన్ని కొట్టిందట. నేను వేళ్లకి కొబ్బరినూనె రాస్తుంటే, “అమ్మా, మీరు ప్రతి శుక్రవారం ఇక్కడే ఉంటారా అండీ?” అంది. నేను నా కూతురి గురించి ఏ శుక్రవారాలు కలగన్నానో, ఆ పిల్ల వాటినే అడిగింది.

నా జెమ్మిని ఇక్కడ నిలబెట్టబోయాను. ఆ ఫ్రిజ్ పక్కన, ఆ యూనిఫాంలో. నువ్వు ఆపావు. దండం పెడతానని చూడకు, పెట్టను. ఎందుకంటే నువ్వు ఆపింది మన పిల్లని. ఆ చోటుని ఆపలేదు. ఇంకెవర్నీ పంపనని బావగారు రాసిచ్చిన కాగితం నమ్మి ఇంటికి వచ్చేశావు.

సపోర్ట్ వర్కర్‌వి కదా. ఇప్పుడేం చేస్తావో చెప్పు.

కృప


రాజోలు,
డిసెంబరు 18

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజు అన్నం తినలేదు. మర్నాడు తిని బయల్దేరాను. నువ్వు తిట్టింది నిజం. నిజమని కూర్చుంటే సాయిదుర్గ రాదు.

“మన మండలం కూడా కాదు కదమ్మా” అన్నారు శ్యామ్ బాబు గారు. “అయితే సెలవు ఇవ్వండి” అన్నాను. ఇచ్చారు. జెమ్మి కూడా వస్తానంది. వద్దంటే, “ఆ టికెట్టు నాది పిన్నీ” అంది. ఇంక నేనేం అనను?

ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి గోదావరి దాటాం. అవతలి ఒడ్డున బస్సెక్కి కపిలేశ్వరపురంలో దిగి, అక్కడి నుంచి నాటు పడవ మీద లంకలోకి వెళ్లాం. సాయిదుర్గ వాళ్లమ్మ చిట్టెమ్మ వంగతోటలో కాయలు కోస్తోంది. తండ్రి మాకు కనబడకుండా ఎటో వెళ్లిపోయాడు. మీ పిల్ల ఎక్కడుందని అడిగితే, “పెద్దోళ్లింట్లో పిల్లల్ని ఆడిస్తందండి. ఖాళీ టైములో కంప్యూటరు కూడా నేర్పిస్తన్నారంటండి” అంది గర్వంగా.

నేను ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తుంటే జెమ్మి బుట్ట పక్కన చతికిలబడి, తనూ ఒక కాయ కోసి బుట్టలో వేసి, నెమ్మదిగా చెప్పింది. “అమ్మా, ముందు వెళ్లవలసింది నేనండి. నేను వెళ్లనన్నానండి. ఆ చోటుకి మీ పిల్లని పంపేరండి.” తర్వాత వేళ్ల సంగతి, వాషింగ్ మెషీన్ సంగతి, చెంప సంగతి. ఏదీ మింగలేదు, ఏదీ పెంచలేదు. నేను ఇన్నాళ్లు నేర్చుకున్న పని అది ఎవరూ నేర్పకుండానే చేసింది.

చిట్టెమ్మ ఏడవలేదు. బుట్ట అక్కడే వదిలేసి, కాలవలో కాళ్లు కడుక్కుని, “పదండి” అంది.

స్టేషన్లో ఎస్సై గారు మొదట, “మీరే కదమ్మా పంపింది? సంతకం కూడా పెట్టేరు” అన్నారు. చిట్టెమ్మ బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

“ఆయ్. నేనే పంపేనండి. ఇప్పుడు నేనే తెచ్చియ్యమంటున్నానండి. అప్పుడు తెలీదండి, ఇప్పుడు తెలిసిందండి. నా మీద కేసు పెడితే పెట్టుకోండి. ముందు నా పిల్ల పేరు రాసుకోండి.”

ఆయన కలం తీశారు. కేసు రాశారు. కాపీ అక్కడి మన ఎంబసీకి కూడా వెళ్లింది. పిల్ల అసలు వయసుకి రుజువుగా బడి కాగితం జతచేశాం. మీ పెద్దబావగారు ఫోను కట్టేసి ఎక్కడికో వెళ్లిపోయారు.

ఊళ్లో మా పరిస్థితి అడగలేదు గాని చెప్తాను. బతుకుతెరువు పోగొట్టే మనుషులమట మేము. మొన్న ఆదివారం ఆరాధనలో మా బెంచీ మీద ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి వేరే బెంచీలకి వెళ్లిపోయారు. జెమ్మి కాళ్లు చాపుకుని, “విశాలంగా ఉంది పిన్నీ” అంది. ఆ మాటకి ముందు వరసలోంచి మరియమ్మగారు వెనక్కి తిరిగి చూశారు. మూడో పాట అయ్యేసరికి వచ్చి మా మధ్యలో కూర్చున్నారు.

జెమ్మి ఇంటర్ పరీక్షకి ఫీజు కట్టింది. నీకు రాయమంటే రాయనంది. “అమ్మ అడిగితే కోపంగానే ఉన్నానని చెప్పు” అంది. దాస్తే మళ్లీ తిడతావు, అందుకే ఉన్నదున్నట్టు రాశాను.

నువ్వు మాత్రం ఏమీ చెయ్యకు. ఇల్లు వదిలి వస్తే పారిపోయిందని కేసు పెడతారట, నీ పాస్‌పోర్టు కూడా మేడం దగ్గరే ఉంది. ఎంబసీ వాళ్లు చూసుకుంటారు. నీ కాళ్లు పట్టుకుంటాను, ఓపిక పట్టు.

ఎస్తేరు


కువైట్, ఎంబసీ షెల్టర్,
జనవరి 22

ఎస్తేరూ,

పైన అడ్రసు చూశావు కదా. ఓపిక పట్టలేదు.

నీ ఉత్తరం అందిన వారంలోనే మేడం వాళ్లు మాట్లాడుకుంటుంటే విన్నాను. సాయిదుర్గకి పని రావడం లేదట, ఎడారి అవతల ఎవరో చుట్టాల ఇంటికి మార్చేస్తారట. ఇన్నేళ్లలో వాళ్ల భాష నాకు బాగా వచ్చని వాళ్లు మర్చిపోతుంటారు. ఆ ఇంటికి వెళ్తే ఆ పిల్ల ఎవరికీ దొరకదు. ఎంబసీ కాగితాలు వచ్చేసరికి అది ఏ గుమ్మంలో ఉంటుందో ఎవరు చెప్పగలరు?

గంగబాబుని వీధిలో ఆపి అడిగాను. “నా ఉద్యోగం పోతుందక్కా” అన్నాడు. “పోతుంది” అన్నాను. తల గోక్కున్నాడు. “సరే, ఎప్పుడు రమ్మంటారు?” అన్నాడు.

శుక్రవారం భోజనాలు అయ్యాయి. మగవాళ్లు టీవీ ముందు, ఆడవాళ్లు లోపలి గదిలో ఉన్నారు. రెండు చెత్త సంచులు నేను పట్టుకుని, ఒకటి సాయిదుర్గ చేతికి ఇచ్చాను. రోజూ వెనక తలుపులోంచి వెళ్తాం. ఆ రోజు ముందు తలుపు తీశాను. మేడం పెద్ద కొడుకు హాల్లో ఉన్నాడు. చిన్నప్పుడు నా భుజం మీద నిద్రపోయినవాడు. “కృబా, ఎక్కడికి?” అన్నాడు.

“కృప” అన్నాను. “నా పేరు కృప.”

వాడు నోరు తెరుచుకుని చూస్తుండగానే వీధిలోకి వచ్చేశాం. సంచులు డబ్బాలో వేశాం. పని మధ్యలో వదిలేసిందనే మాట నాకు అక్కర్లేదు. కారెక్కాం. సాయిదుర్గ వణుకుతుంటే దాని చెయ్యి నా ఒళ్లో పెట్టుకున్నాను. నాకూ వణుకు వచ్చింది గాని, ఇద్దరం వణికితే ఎలా అని ఆపుకున్నాను.

ఎంబసీలో చిట్టెమ్మ ఫిర్యాదు మాకన్నా ముందే వచ్చి ఉంది. అక్కడి అధికారి సాయిదుర్గ పేరు వినగానే ఫైలు తీశాడు. నీ కష్టం వృథా పోలేదు, అది నేను కళ్లారా చూశాను. ఆయన నన్ను, “ఈ అమ్మాయి మీకేమవుతుంది?” అని అడిగాడు.

“నా కూతురు వెళ్లనన్న చోటుకి వచ్చిన పిల్లండి. దాన్ని ఏమంటారో మీరే రాసుకోండి” అన్నాను. బంధువు అని రాశాడు.

మేడం ఫోను చేసి నేను పారిపోయానని చెప్పిందట. పారిపోయేవాళ్లు పేరు చెప్పి వెళ్తారా? ఆ మాటే అధికారికి చెప్పాను. కాగితాలు తేలడానికి టైము పడుతుందన్నారు. ఇక్కడ ఒకే హాల్లో చాలా మంది ఆడవాళ్లం పడుకుంటున్నాం. సగం మంది మన జిల్లాలవాళ్లే. ఎవరిని ఎవరు పంపారో అడుగుతుంటే, పాపారావు గారి పేరు ఇంకో ఇద్దరి నోట విన్నాను. వాళ్లు కూడా వాంగ్మూలం ఇస్తామన్నారు. మొదట భయపడ్డారు. నేను పక్కన కూర్చుంటానన్నాను. ఆ పని నాకు ఎలా వచ్చిందో నువ్వే చెప్పాలి.

సాయిదుర్గని వచ్చే నెలాఖరున విమానం ఎక్కిస్తారట. హైదరాబాదులో చిట్టెమ్మని తీసుకుని నువ్వు ఉండు. ఆ పిల్లకి ఆకలేస్తే చెప్పదు, చూసుకుని పెట్టాలి.

జెమ్మికి ఏం రాయాలో తెలియక ఈ పేజీ చాలాసేపు ఖాళీగా ఉంచాను. దాని కోపం న్యాయమైనదని చెప్పు. తగ్గించుకోమని నేను అడగను. అది పరీక్ష రాసే రోజుల్లో నేను వచ్చి దాని ఎదురుగా పడి చదువు చెడగొట్టను. నువ్వు ఎక్కడ ఉండమంటే అక్కడే ఉంటాను. అది రమ్మన్న రోజు వస్తాను.

ఇక బావగారి సంగతి. ఎక్కడ దాక్కున్నా కబురు అందుతుంది, పేటలో ఎవరికి చెప్పినా చాలు. కృపావతి వస్తోందని చెప్పు. గల్ఫు నుంచి వచ్చేవాళ్లకి పెట్టెలు ఉంటాయి, ఎదురు రావడానికి జీపు ఉంటుంది. నాకు పెట్టె లేదు, జీపు అక్కర్లేదు, చేతులూపుకుంటూ వస్తున్నాను. రాగానే ఇంటికి వెళ్లను. ముందు కోర్టుకి వెళ్తాను. తొమ్మిదేళ్ల కిందట ఆయన చూపించిన చోట సంతకం పెట్టాను. ఈసారి నేను చెప్పింది వాళ్లు రాసుకుంటారు, చదివి వినిపిస్తారు, అప్పుడు పెడతాను.

మీ అక్క
కృపావతి